పలక పట్టుకొచ్చిన టీచరు గారు

విషజ్వరం తగ్గాక నా చెవులు పనిచేయడం మానేశాయి. అప్పటికి నాకు ముప్పయ్యారేళ్లు. ఆటోనగర్‌లో స్పేర్‌పార్ట్‌ల షాపులో బిల్లులు రాసే ఉద్యోగం మాత్రం నిలిచింది. పెళ్లిళ్లకీ పేరంటాలకీ వెళ్లడం మానేశాను. అందరూ నవ్వుతుంటే ఎందుకో తెలియక నేనూ నవ్వడం నాకు చిన్నతనంగా ఉండేది.

రెండువేల మూడులో భవానీపురంలో మా వీధి చివర ఇంటర్నెట్ సెంటర్ పెట్టారు. మొక్కలు పెంచేవాళ్ల గ్రూపు ఒకటి దొరికింది. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేవాళ్లం. అక్కడ నేను చెవిటిదాన్నని ఎవరికీ తెలియదు. గులాబీకి పట్టిన పురుగు గురించి గంటసేపు వాదించేదాన్ని. మాట్లాడి ఎన్నాళ్లయిందో అప్పుడు తెలిసింది.

ఒకరోజు ఒకావిడ, పొద్దున కుళాయి రాక మొక్కలకి నీళ్లు పోయలేదని రాశారు. ఆ పొద్దున మాకూ రాలేదు. ఏ ఊరండీ అని అడిగితే, మా వెనక మూడో వీధేనట. రిటైరైన టీచరు. మా ఇల్లు ఎక్కడో చెప్పేశాను. మల్లె అంటు తీసుకుని రేపు వస్తానన్నారు. నాకు భయమేసింది. "రావద్దండీ, నాకు వినపడదు. మీకు విసుగొస్తుంది" అని రాశాను. జవాబు రాలేదు. అంతేలే అనుకున్నాను.

మర్నాడు సాయంత్రం గేటు దగ్గర ఒక పెద్దావిడ. ఒక చేతిలో మల్లె అంటు, ఇంకో చేతిలో పలక. నన్ను చూడగానే పలక తిప్పి చూపించారు.

"ముప్పయ్యేళ్లు పలకతోనే బతికానమ్మా. నాకు విసుగేంటి?"

ఏడుపాపుకోలేక లోపలికి రమ్మని చెయ్యి పట్టుకున్నాను.

తరవాత ఆవిడే నన్ను తమ చర్చి ఆడవాళ్లు ఆదివారం సాయంత్రాలు కలుసుకునే చోటికి తీసుకెళ్లారు. మొదట్లో వాళ్లు మొహమాటపడ్డారు. అందులో చేపలమ్మే ఆవిడకి చదువు రాదు. నా ఎదురుగా కూర్చుని, పెదాలు నిదానంగా కదుపుతూ మార్కెట్ కబుర్లన్నీ చెప్పేది. అర్థం కాకపోతే విసుక్కోకుండా మళ్లీ మొదలుపెట్టేది. పెదాల కదలిక చదవడం నాకు నేర్పింది ఆవిడే. ఏడాది తిరిగేసరికి షాపుకొచ్చే మెకానిక్కుల మాటలు కూడా పట్టుకోగలిగాను.

ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్లడం తగ్గిపోయింది. ఆ గ్రూపులో మిగతావాళ్ల మొహాలు నేనెప్పుడూ చూడలేదు. అయినా నాతో మళ్లీ నోరు విప్పించింది వాళ్లే. ఇల్లు దాటించింది టీచరు గారు. ఎవరికి ఎక్కువ రుణపడ్డానంటే చెప్పలేను.