పదకొండో రోజు చేరిన మెసేజ్

గదిలో ఉన్న మనుషులు: అమ్మ, మేనత్త, బాపు తమ్ముడు చిన్నబాపు, నేను. ఉన్న వస్తువులు: బాపు ఫోటో, దాని ముందు దీపం, పళ్లెంలో ఆయన కళ్లద్దాలు, కార్ఖానా తాళాలు, దారం కత్తిరించే చిన్న కత్తెర, స్విచాఫ్ చేసిన ఆయన ఫోన్. తలుపు పైన ఇంటి వైఫై పెట్టె. అమ్మ ఒళ్లో అమ్మ ఫోన్. పద్మనగర్‌లో మేముండే చాల్, అంటే వరస గదుల మేడ, రెండో అంతస్తు. బాపు పోయి పదకొండో రోజు, ఉదయం.

పోయినవాళ్ల చేతివస్తువులు పదకొండో రోజు దాకా ముట్టకూడదన్నది మేనత్త నియమం. తాత పోయినప్పుడు ఆయన మగ్గం మీద దారంతో అటూ ఇటూ ఆడిన నాడెను ఎవరూ ముట్టలేదట. బాపు దగ్గరికి వచ్చేసరికి ఆ నియమం ఫోన్‌కు పట్టింది. ఆసుపత్రిలోనే మేనత్త దాన్ని ఆఫ్ చేయించి కొంగులో కట్టుకుంది.

ఆ ఉదయం అది తెరవాల్సి వచ్చింది. ఆగిన సాంచాలు, అంటే మరమగ్గాలు, మళ్లీ నడవాలంటే బీములు అతికే, అంటే కొత్త పడుగు దారాలను పాతవాటికి ముడేసే మనిషి కావాలి. అతని నంబరు బాపు ఫోన్లోనే ఉంది. చిన్నబాపు నాకు ఫోన్ అందించాడు. ఆన్ చేశాను. అర నిమిషం తర్వాత అమ్మ ఒళ్లో ఫోన్ మోగింది.

బాపు నంబరు నుంచి వాయిస్ మెసేజ్. పద్నాలుగు సెకన్లు.

"అన్న పైకి పోయి గూడ నెట్‌వర్క్ దొరికిచ్చుకున్నడు," అన్నాడు చిన్నబాపు.

"నోరు మూస్కో. సిగ్గు శరం లేదారా నీకు," అంది మేనత్త.

అమ్మ బొత్తాం నొక్కింది. ఎనిమిది సాంచాల మోత గదంతా నిండింది. నాకు ఆ మోత తప్ప ఏమీ తెలియలేదు. అమ్మ పదిహేనేళ్లు అదే కార్ఖానాలో దారం కండెలు చుట్టింది. మోత కిందున్న మాటను పట్టుకోవడం ఆమెకు చేతనైన పని. రెండోసారి విన్నాక, బాపు ఎక్కడెక్కడ ఊపిరి తీసుకున్నాడో అక్కడక్కడ ఆగుతూ చెప్పింది.

"ఛాతిల పట్టేసినట్టున్నది. అల్మారల గోలీలున్నయి. జెల్ది పట్కరా."

తర్వాత నా వైపు చూసింది. "ఇది ఎప్పటి మాటరా? నా ఫోన్ నా చేతిలనే ఉండె గద. నేను చూసుకోలేదా?"

మెసేజ్ ఎట్లా ప్రయాణిస్తుందో చెప్పడమే ఆ తర్వాత నా బతుకుదెరువు అయింది. గైబీ నగర్‌లో అద్దె గది, పన్నెండు కుర్చీలు, ఒక తెల్లబోర్డు. వెబ్ పాఠాల మొదటి క్లాసులో నాలుగు డబ్బాలు గీస్తాను: ఫోన్, వైఫై పెట్టె, సర్వర్, ఇంకో ఫోన్. వాటి మధ్య మూడు బాణాలు. రెండో బాణం, మూడో బాణం తేలిగ్గా గీస్తాను. మొదటిది గీసేటప్పుడు ప్రతి బ్యాచ్‌లోనూ చెయ్యి ఆగుతుంది. బోర్డు వెనక ఎక్కడో సాంచాలు నడుస్తుంటాయి. వాటి కింద మాటేమైనా ఉందా అని వింటాను. నాకు ఇంతవరకు వినబడలేదు.

అమ్మకు ఆ రోజు ట్రాన్స్‌పోర్టు లెక్కన చెప్పాను.

"మన బట్ట సీదా కొన్నోళ్ల ఇంటికి పోతదా అమ్మా? ముందుగాల ట్రాన్స్‌పోర్టోళ్ల దగ్గరికి పోతది, ఆడ రసీదు ఇస్తరు. గిది గూడ గంతే. ఫోన్ల నుంచి వైఫై పెట్టెకు, ఆడికెల్లి ఏడనో ఉన్న పెద్ద కంప్యూటర్‌కు, ఆడికెల్లి నీ ఫోన్లకు. పెద్ద కంప్యూటర్ రసీదు ఇచ్చేదాంక బాపు ఫోన్ల చిన్న గడియారం బొమ్మనే ఉంటది. అంటే మాల్ ఇంకా కార్ఖానలనే ఉన్నట్టు."

"రసీదు రాకుంటే?"

"మల్ల పంపుతది. తోవ దొరికేదాంక పంపుతనే ఉంటది. పంపినోడు ఉన్నడా లేడా దానికి తెల్వది."

అమ్మ బాపు ఫోటో వైపు చూసింది.

"కాల్ జేస్తే అయిపోతుండె గద తమ్ముడు," అంది మేనత్త ఫోటోతోనే.

"కార్ఖానల కాల్ ఎవలకు వినవడుతది వదినె?" అంది అమ్మ.

అది నిజం. సాంచాల నడుమ పనిచేసేవాళ్లు ఫోన్ మాట్లాడరు. అవతలి మాట వినబడదు కాబట్టి ఫోన్‌ను పెదాలకు ఆనించి అరిచి, రికార్డు చేసి పంపేస్తారు. అన్నం తేవాలన్నా అంతే, కండెలు అయిపోయినా అంతే. విన్నవాళ్లు నడిచి వస్తారు. బాపు ఫోన్లో కాల్స్‌కు మాత్రం పనికొచ్చే రీచార్జ్ ఉంది. ఛాతీ పట్టేసినప్పుడు కూడా ఆయన చెయ్యి అలవాటైన బొత్తాం మీదికే పోయింది.

బాపు ఫోన్లో చూశాను. రికార్డు చేసిన సమయం ఆయన పోయిన రోజు పగలు పదకొండు నలభై నాలుగు. దారం తెగి ఆగిన సాంచాను ఆయన మళ్లీ నడపలేదని అవతలి వరుసలో పనిచేసే మనిషి గమనించి బాపు దగ్గరికి వచ్చేసరికి పన్నెండు పది. నడుమ ఇరవై ఆరు నిమిషాలు.

"మరి గప్పుడు తోవ ఎందుకు దొరకలే?" అడిగింది అమ్మ.

"నెట్ లేకుండె," అన్నాను. అక్కడితో ఆపొచ్చు. ఆ గదిలో అంతకుమించి అడగడం తెలిసినవాళ్లు లేరు. చిన్నబాపు అప్పటికే తలూపాడు. రేకుల షెడ్డు, నెట్ ఎట్లుంటది అన్నాడు. అమ్మ మాత్రం నా మొహం మీది నుంచి చూపు తీయలేదు.

"కార్ఖాన వైఫై పాస్‌వర్డ్ నేనే మార్చిన అమ్మా. ముందటి రోజు మాపటీలి. పక్క కార్ఖానోళ్లు వాడుకుంటున్నరని. బాపు ఫోన్ల కొత్తది కొట్టుడు మర్సిపోయిన. ఇంట్ల ఇంటి వైఫై ఉండె, గందుకే ఆ రాత్రి ఎవలకు తెల్వలే."

మేనత్త దీపం వత్తిని అవసరం లేకుండానే ఎగదోసింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండనుకున్నాను.

"గప్పుడు మోగుంటే," అంది, "నేను టైముకు పోదునా?"

"గవన్నీ ఇప్పుడెందుకు వదినె," అన్నాడు చిన్నబాపు.

అమ్మ లేచింది. అల్మారా తెరిచి మాత్రల అట్ట తీసి గుప్పిట్లో పెట్టుకుంది. చెప్పులేసుకుంది.

"నీ ఫోన్ల టైము పెట్టు. పా."

ముందు ఆమె, వెనక నేను. మెట్ల దగ్గర రెండు మలుపులు. సందులో కండెల మూటలేసుకున్న బండి అడ్డం ఉంటే, అది కదిలేదాకా గోడకు ఒత్తిగిలి ఆగాం. తెలిసినవాళ్లు పలకరించబోయి ఆమె మొహం చూసి ఆగిపోయారు. అమ్మ పరుగెత్తలేదు. మెల్లగానూ నడవలేదు. ఆ రోజు మెసేజ్ వచ్చి ఉంటే ఎట్లా నడిచేదో అట్లాగే నడిచింది. రెండు వైపులా కార్ఖానాల్లో సాంచాలు ఆడుతున్నాయి. మాది ఒక్కటే మూసి ఉంది. అమ్మ షట్టర్ మీద అరచెయ్యి పెట్టింది. నేను ఫోన్లో గడియారం ఆపాను.

ఆ ఇరవై ఆరు నిమిషాల్లో ఆరు నిమిషాల పది సెకన్లు.