తెరలు దించిన లాంచీ

మా అత్తవారిది రాజమండ్రిలో కిరాణా కొట్టు. కార్తీకమాసంలో ఒక ఆదివారం కొట్టు మూసేసి, చుట్టాలంతా కలిసి లాంచీ మాట్లాడుకుని పాపికొండలకు వనభోజనానికి వెళ్ళడం వాళ్ళ ఆనవాయితీ. నా పెళ్ళయిన ఏడాది, డెబ్బైల చివర్లో, నన్నూ తీసుకెళ్ళారు. మాది ఆత్రేయపురం వైపు. ఏటిగట్టు ఎక్కితే అదే పెద్ద ఎత్తనుకునే ఊరు. రెండు కొండలు దగ్గరికొచ్చి అంత గోదావరినీ సన్నటి పాయ చేసేస్తాయని మా ఆయన చెబుతుంటే, వారం రోజులు నాకు సరిగ్గా నిద్ర పడితే ఒట్టు.

పులిహోర గంగాళాలు, గారెల బుట్టలు, పెరుగు కుండలు లాంచీ ఎక్కాక వాటి వెనక మేమెక్కాం. పోలవరం దాటేదాకా ఇసుకతిన్నెలు చూస్తూ హాయిగానే కూర్చున్నాను. కొండలు దగ్గరపడ్డాయో లేదో, పై డెక్కు మీంచి మావయ్యగారి కేక వినబడింది.

"విస్తళ్ళు వేసెయ్యండమ్మా! కొండల మధ్య తింటే ఆ రుచే వేరు."

ఏం కొండల మధ్యో! అక్కడ గాలి ఈడ్చి కొడుతుంది, అరిటాకులు ఎగిరిపోతాయి. అందుకని కింది డెక్కుకు రెండువైపులా టార్పాలిన్ తెరలు దించి తాళ్ళతో బిగించేశారు. మగవాళ్ళు మొదటి బంతికి దిగారు. వడ్డన మా కోడళ్ళది. పైనుంచి పిల్లలు "అదిగో! అదిగో!" అని కేరింతలు కొడుతున్నారు. తెర సందులోంచి తొంగిచూడబోయాను. చారెడు పచ్చదనం కనబడిందో లేదో, "అమ్మాయ్, ఇటు పప్పు రాలేదు" అన్నారొక పెద్దాయన. నాకు ఒళ్ళు మండిపోయింది. పప్పు గిన్నె గోదాట్లో పారేద్దామనిపించింది.

వాళ్ళు తిని, చేతులు కడుక్కుని పైకి వెళ్ళిపోయారు. లాంచీ వెనక్కి తిరిగింది. ఇక ఆడవాళ్ళ బంతి.

"అత్తయ్యగారూ, నాకు ఆకలి లేదండీ. పైకెళ్ళి ఒక్కసారి చూసొస్తాను."

"వనభోజనానికొచ్చి తినకుండా లేచిపోతావా? తప్పు కదుటే! కూర్చో."

కూర్చున్నాను. అందరూ తిని, ఆకులు తీసి, తెరలు ఎత్తేసరికి గోదావరి మళ్ళీ ఈ దరి నుంచి ఆ దరికి విశాలంగా పరుచుకుని ఉంది. కొండలు వెనక మలుపులో కలిసిపోయాయి. ఏడుపొచ్చేసింది.

మా ఆయన బుగ్గన కిళ్ళీతో కిందికి దిగొచ్చారు.

"చూశావా? నేను చెప్పలా! అబ్బబ్బ, ఏం అందమే అది!"

"ఆఁ, చూశాను. పులిహోర గంగాళం అడుగుదాకా చూశాను," అన్నాను అందరి ముందూ.

"ఓస్, ఇంతోటిదానికి ఏడుస్తారా ఎవరైనా? వచ్చే ఏడు చూద్దువు గానిలే."

పక్కనే అత్తయ్యగారు నేతిగిన్నె తోముతున్నారు. మొగుడికి అలా ఎదురు చెప్పినందుకు నాకు చీవాట్లు తప్పవనుకున్నాను. ఆవిడ తల ఎత్తకుండానే కొడుకుని అడిగారు.

"నువ్వు పుట్టకముందు నుంచీ ఏటా వస్తున్నాన్రా నేను. ఎలా ఉంటాయి ఆ కొండలు?"