జాకెట్‌లో సొరకాయ

మా బాబుకు పది నెలలప్పుడు, వాణ్ణి ఎత్తుకుని కొండెక్కుదామన్నారు మావారు. జలుబు తగ్గి వారమే అయింది. నాకు భయం. చల్లగాలి తగలకుండా వాణ్ణి లోపల దాచుకోవడానికి నిజామాబాద్‌లో తేలికపాటి జాకెట్ కొన్నాం.

"గాలి అస్సలు దూరదు అక్కా!" అన్నాడు దుకాణదారు.

నేను నమ్మలేదు. చందూర్‌లో మా అత్తగారి కళ్లంలో పెద్ద ఫ్యాను పెట్టి వడ్లు తూర్పారపడుతున్నారు. జాకెట్ తొడుక్కుని, బాబుకు బదులు లోపల సొరకాయ పెట్టుకుని, ఆ ఫ్యానుకు ఎదురుగా నిలబడ్డాను.

గాలి దూరలేదు. నడుము దగ్గర తాడు బిగించకపోవడంతో కింది నుంచి పొట్టు దూరింది. దురదకు గెంతులేశాను. సొరకాయ జారి మామగారి కాళ్ల దగ్గర పగిలింది.

"గాలి దూరలే గని, నీ పోరడు కింద పడ్డడు పిల్లా!" అంది అత్తమ్మ.

అందరూ నవ్వారు. నాకు మాత్రం సొరకాయ చోట బాబే కనిపించాడు.

కొండ దగ్గర జాకెట్ తొడిగే ముందు, బాబును మావారి ఛాతీకి చీరతో కట్టి, మూడు ముళ్లూ నేనే వేశాను, మా పెళ్లిలో ఆయన వేసిన వాటికన్నా గట్టిగా.