అడ్డంగా కోసిన పలక

ప్రొద్దుటూరులో నేను తంబురలు చేస్తాను. పనస పలక ఇంటికి రాగానే దాని మీద చెంబెడు నీళ్లు చల్లడం నా భార్య పని. తడిస్తే చెక్కలో నార ఎటు పోతోందో తేటగా తెలుస్తుంది. ఆమె పోయి రెండేళ్లయింది. ఇప్పుడు ఆ నీళ్లు కూడా నేనే చల్లుకుంటున్నాను.

పదేళ్ల కిందట జమ్మలమడుగు నుంచి ఒక భజన పెద్దాయన తంబుర కావాలని వచ్చాడు. చెట్టు కొమ్మ చీలిన చోట కోసిన పలక నా దగ్గర ఉంది. నీళ్లు పడగానే దాంట్లో నార మెలికలు అలల్లా లేచాయి. అబ్బ, ఏం చెక్క! అయితే ఆ అలలు తంబుర కుండను మూసే పలక నడిమికి రావాలంటే, చెక్కను అడ్డంగా తిప్పి కోయాలి. అప్పుడు నార తీగల వెంబడి ఉండదు, పలక వాటి బిగువుకు ఆగదు.

"ఏందయ్యా, చూసేదానికి చేస్తాండావా, మోగేదానికి చేస్తాండావా?" అంది నా భార్య.

"రంపం పట్టినోన్ని నేను. నోరు మూసుకోని లోపలికి పో" అన్నాను. అడ్డంగానే కోసి తంబుర చేసిచ్చాను.

ఒక్క ఎండాకాలం గడిచేసరికి తీగలు ఆనే చోట పలక గుంట పడింది. నేను ఎండ మీద నెపం పెట్టాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత కూడా నీళ్లు చల్లేది, చల్లి చెంబు తీసుకుని లోపలికి పోయేది. ఎట్లా కోయాలో చెప్పేది కాదు. నేనూ అడగలేదు. పాడు మొండితనం, ఇంకేముంది!

ఈమధ్య ఆ పెద్దాయనే ఇంకో తంబుర కావాలని మళ్లీ వచ్చాడు. దువ్వూరు నుంచి తెచ్చిన పలకను తడిపితే, మళ్లీ అవే అలలు. రంపం పట్టుకుని పొద్దంతా దాని ముందే కూర్చున్నాను. "ఎట్ల కోద్దామే?" అని పైకే అడిగేశాను. షెడ్డులో పలికే దిక్కు లేదు. ఇంత ఒంటరితనం పగవాడికి కూడా వద్దు. చివరికి నార వెంబడే గీత గీసి కోశాను. అలలన్నీ ముక్కలై కింద పడ్డాయి.

తయారైన తంబురను చూసి పెద్దాయన మొహం ముడుచుకున్నాడు. "ఏందప్పా, ఇంత బోడిగా ఉండాది? ముందరిది శానా అందంగా ఉండె గదా."

"ఇది మోగేదానికప్పా" అన్నాను.

ఆయన తీగ మీటాడు. నాదం షెడ్డంతా నిండిపోయింది. "ఇంత తెలిసినోనివి, అప్పుడెందుకు అట్ల చేసినావు?"

"తెలిసింది నాకు కాదప్పా, నా పెండ్లానికి. ఆ పొద్దే చెప్పింది. నేనే వినలేదు."

ఈ మాట ఆమెతో అనడానికి నాకు ఎనిమిదేళ్లు దొరికాయి. ఒక్క పూట కూడా అనలేదు.