రెండుసార్లూ అదే తూకం

నాకు కుదురు తక్కువ. కుర్చీలో కూర్చుంటే కాలు ఊగుతూనే ఉంటుంది. టీ పెట్టుకుని సగం తాగి మర్చిపోతాను. అలాంటిదాన్ని డబ్లిన్ వచ్చి, మనసును కొలిచే పరిశోధనకు దిగాను. ఆ పనికి కావలసింది ఓపిక. నా దగ్గర లేనిదీ అదే.

ఐర్లండ్‌లో పనిచేసే తెలుగు నర్సులు, ముసలివాళ్ళని కనిపెట్టుకుని ఉండే కేరర్ల ఒంటరితనం నా అంశం. మొదటి ఏడాది చాలావరకు ఒక్క వాక్యానికే ఖర్చయింది. ఒంటరితనం అంటే ఏమిటో రాయాలి. "ఎవరూ తోడు లేకపోవడం" అని రాస్తే మా గైడ్ కొట్టేసింది. ఆవిడ ఇక్కడి మనిషే, గొంతు ఎప్పుడూ పెంచదు, దాంతో నాకు ఇంకా ఒళ్ళు మండేది. ఒంటరిగా ఉండి హాయిగా బతికేవాళ్ళు లేరా అంది. చివరికి ఇలా రాశాను: మనిషి కోరుకునే తోడుకీ, దొరికే తోడుకీ మధ్య ఉన్నట్టు ఆ మనిషికి అనిపించే తేడా.

"అనిపించిందని నీకెలా తెలుస్తుంది?" అంది.

"అడుగుతాను."

"అడిగితే చెబుతారా?"

చెప్పక ఏం చేస్తారు అని లోపల విసుక్కున్నాను. నెత్తురులో చక్కెరైతే వేలు గుచ్చి చూస్తారు. ఒంటరితనానికి గుచ్చే సూది లేదు, అందుకే ప్రశ్నలు. "మీ బాధ చెప్పుకోవడానికి ఎవరూ లేరనిపిస్తుందా?" "చుట్టూ మనుషులున్నా మీతో లేరనిపిస్తుందా?" ఒక్కోదానికి నాలుగు జవాబులు: అస్సలు లేదు, అరుదుగా, అప్పుడప్పుడు, తరచుగా. ఒకదానికి సున్నా చుట్టాలి. కొన్ని వారాలయ్యాక అవే ప్రశ్నలు అదే మనిషిని మళ్ళీ అడగాలి. ఈలోపు బతుకేం మారకపోతే జవాబులూ దాదాపు అవే రావాలి. అప్పుడే ప్రశ్నలు నమ్మదగ్గవని లెక్క.

మొదటిసారి, డబ్లిన్ నుంచి రైల్లో గంట పైన పట్టే ములింగార్ అనే ఊళ్ళో అడిగాను. అక్కడ తెలుగువాళ్ళ ఆరాధన ఒక కమ్యూనిటీ హాల్లో జరుగుతుంది. పాస్టరుగారు ముందే చెప్పి పెట్టారు. ప్రార్థన అయ్యాక కుర్చీలు దూరదూరంగా జరిపించి, ఎవరి పేపరు వాళ్ళే నింపాలని, పక్కవాళ్ళకి చూపించొద్దని, తప్పూ ఒప్పూ ఏమీ లేవని చెప్పాను. అందరూ బుద్ధిగా తలలూపారు. ఈలోగా టీ వచ్చింది. కుర్చీలు మళ్ళీ దగ్గరికి జరిగాయి.

నేను కళ్ళు మూసి తెరిచేలోపు ఒకావిడ పైకి చదవడం, మిగతావాళ్ళు జవాబు తేల్చడం మొదలైంది. "బాధ చెప్పుకోడానికి ఎవరూ లేరా? అదేం ప్రశ్నమ్మా, దేవుడు లేడా? అస్సలు లేదు అని పెట్టండి." అందరి పెన్నులూ ఒకేసారి కదిలాయి. నేను ఆ చివరి నుంచి ఈ చివరికి పరుగులు. "ఆంటీ, ఎవరిది వాళ్ళే..." "అలాగేనమ్మా, అలాగే. నువ్వు సమోసా తిను ముందు."

కిటికీ పక్కన ఒక ఆంటీ మాత్రం వంచిన తల ఎత్తకుండా రాస్తోంది. యాభై దాటిన మనిషి, వృద్ధుల నర్సింగ్‌హోమ్‌లో కేరర్. చుట్టూ మనుషులున్నా అనే ప్రశ్న దగ్గర "అప్పుడప్పుడు" మీద సున్నా చుట్టింది. పక్కావిడ తొంగి చూసేసింది.

"ఇదేంటక్కా! మేవందరం చచ్చామనుకున్నావా ఏంటి?"

హాలంతా నవ్వింది. ఆంటీ కూడా నవ్వి, ఆ సున్నాని అడ్డంగా కొట్టేసి, "అస్సలు లేదు" చుట్టూ ఇంకోటి గీసింది. నాకు పక్కావిడ మీద పీకలదాకా కోపం వచ్చింది. కానీ ఆవిడ తప్పేముంది? తను నైట్ డ్యూటీ చేసొచ్చి కూడా ఈ అక్కకి జ్వరమొస్తే జావ కాచి పట్టుకెళ్ళిన మనిషి. ఆ అక్క తన కళ్ళముందే ఒంటరినని రాస్తే ఎవరికైనా చివుక్కుమంటుంది.

రైలు దిగి నేరుగా గైడ్ దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. ఆవిడ తాపీగా విని, రెండోసారి ఒక్కొక్కరి ఇంటికి వెళ్ళి విడిగా అడగమంది. జవాబులు మారితే మొదటివి పారేయాలి, అంటే నా ఏడాది నీళ్ళపాలు. మారకపోతే అధ్యాయం పూర్తయినట్టే. ఒకటే షరతు: జవాబు ఏదైనా సరే, మాట కలపకూడదు, ఓదార్చకూడదు.

ఆ రోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు. జవాబులు మారకూడదని కోరుకునేదాన్ని, అంతలోనే ఆ కొట్టేసిన సున్నా గుర్తొచ్చి, మారితేనే బావుండనిపించేది. ఏదో ఒకటి కోరుకుని కూర్చోలేక గదిలో పచార్లు చేసేదాన్ని.

మిగతావాళ్ళవి అయ్యాయి, ఏమీ మారలేదు. కిటికీ పక్కన ఆంటీని చివరికి ఉంచుకున్నాను. తలుపు తీసేసరికే రొయ్యల కూర వాసన. మంచి చీర కట్టుకుంది.

"నువ్వొస్తావని డ్యూటీ మార్చుకున్నా తల్లీ. కూర్చో. ముందు అన్నం తింటావా, పరీక్ష పెడతావా?"

"పరీక్ష కాదాంటీ."

పెన్ను, కళ్ళజోడు బల్ల మీద సిద్ధంగా ఉన్నాయి. నేను గోడకేసి చూస్తూ, ఊగే కాలిని చేత్తో అదిమిపట్టి కూర్చున్నాను. ఎంతోసేపు పట్టలేదు. ఒక్కో ప్రశ్నకీ తలూపుతూ అస్సలు లేదు, అస్సలు లేదు అని చుట్టుకుంటూ పోయింది. చుట్టూ మనుషులున్నా అనే ప్రశ్న దగ్గర కూడా ఆగలేదు.

"అన్నీ అప్పటివే పెట్టాను, చూసుకో. మార్చేస్తే నీ చదువుకి దెబ్బంట కదా, హాల్లో అనుకున్నారు."

నేనేమీ అనకూడదు. పేపరు కవర్లో పెట్టేశాను. ఆంటీ అన్నం వడ్డిస్తూ మాట్లాడుతూనే ఉంది. భర్త పోయాక ఈ దేశం వచ్చిందట. కూతురు గాల్వేలో ఉద్యోగం, రోజూ ఫోన్ చేస్తుందట.

"ఈ ఇంట్లో నలుగురం ఉంటాం. పక్కగది పిల్ల మొహం చూసి వారం దాటింది. ఎవరి డ్యూటీలు వాళ్ళవి. పొద్దున సింకులో దాని కప్పుంటే, ఆహా వచ్చి పడుకుందనుకుంటా. ప్రెస్‌లో, అదే కప్పులు పెట్టే అలమరలో ఉంటే ఇంకా రాలేదనుకుంటా." అని నవ్వింది. "ఇంకొంచెం వేసుకో, చిక్కిపోయావు."

కవర్లో పేపరు ఒకటి చెబుతోంది, ఎదురుగా మనిషి ఇంకోటి చెబుతోంది. కవరు విప్పి ఆ పేపరు చింపేయాలనిపించింది. చింపలేదు, రొయ్యలు తిన్నాను.

వెళ్ళేటప్పుడు గుమ్మం దాకా వచ్చింది.

"మళ్ళీ ఎప్పుడడుగుతావు?"

"అయిపోయిందాంటీ. రెండుసార్లే."

"మూడోసారి ఉండదా?"

ఆ అడగడంలో పెద్ద బరువేం లేదు, బస్సు ఇంకోటి ఉందా అని అడిగినట్టే అడిగింది. "ఉంటుందాంటీ" అనేశాను.

గైడ్‌కి అంకెలు చూపించాను. రెండుసార్లూ ఒకే తీరు. "గ్రాండ్" అంది, ఇక్కడివాళ్ళకి అంటే బావుందని. పళ్ళెం కింద రాయి కట్టిన తక్కెడ కూడా రెండుసార్లూ ఒకే తూకం చూపిస్తుందని చెప్పాను. ఆవిడ అదే రాయమంది. రాస్తున్నాను. ఎన్నిసార్లు కొట్టేశానో లెక్కలేదు, ఆ అధ్యాయం ఇంకా తెమల్లేదు.

ఆ పై నెలలో ఒక సెలవురోజు చూసుకుని, వస్తున్నానని ఆంటీకి ఫోన్ చేసి ములింగార్ రైలెక్కాను. చేతిలో అరటిపళ్ళు తప్ప ఏమీ లేవు. ఆంటీ తలుపు తీసింది. అదే మంచి చీర. వెనక బల్ల మీద కళ్ళజోడు, పెన్ను. నా చేతులకేసి చూసింది.

"పేపర్లేవి తల్లీ?"

అవి లేకుండా ఊరికే వచ్చానని చెప్పడానికి నోరు రాలేదు.

"మర్చిపోయానాంటీ."

"అయ్యో, అయితే మళ్ళీ రావాలిగా!" అంది. మాటలో ఉన్న అయ్యో మొహంలో ఎక్కడా లేదు.