మీసం ఎత్తడం అనగా

మీ కుత్తిక మీద కత్తి పెట్టిన మనిషితో మీరెప్పుడైనా వాదించినారా? వాదించి గెలిచినారా? గెలిచినవారు ఈ పుటను ఇక్కడే మడిచి పక్కన పెట్టవచ్చు. నా దగ్గర వారు నేర్చుకోవలసినదేమీ లేదు. తక్కినవారికి ఒక మీసం సంగతి చెప్పవలసి ఉన్నది. ఆ మీసం నాది.

తొంభైల చివర్లో నేను కృష్ణగిరిలో డిగ్రీ చదువుతూ ప్రతిరోజూ తమిళనాడు, కర్ణాటకల సరిహద్దులోని హోసూరు నుంచి బస్సులో పోయి వచ్చేవాడిని. అప్పట్లో నాకు గర్వకారణమైన వస్తువు మీసం ఒక్కటే. దానికి తోడు కళాశాల వాదపోటీలు అంటించిన ఒక చెడ్డ అలవాటు ఉండేది. ఎవరే మాటన్నా, ముందు ఆ పదానికి అర్థం నిర్ణయించుకుందామని పట్టుబట్టేవాడిని. టీ అంగట్లో స్ట్రాంగా లైటా అని అడిగితే, స్ట్రాంగ్ అనగా ఎంతవరకు అని అడిగేవాడిని. ఆ అంగడివాడు అందరికీ ఇచ్చినంక చివర్న నాకు టీ ఇచ్చేవాడు. అది ఎందుకో మాత్రం నేనెప్పుడూ అడగలేదు.

ఆ ఏడు మా జిల్లా తెలుగు విద్యార్థుల వాదపోటీలో మా జట్టు చివరి అంకానికి చేరింది. ఎదుటి జట్టు బర్గూరులోని ఒక కళాశాలది. ఆ జట్టుకు ముఖ్యవక్త ఒక అమ్మాయి. నాలో గొంతు ఎక్కువ, విషయం తక్కువ అని ఆమె అందరి ముందు అన్నది. నేను మీసం మీద చెయ్యి వేసి, ఓడిపోతే దీన్ని తీయించుకుంటానని మాట ఇచ్చినాను. ఆమె తొణకలేదు. "సరే. నాకు మీసం లేదు. నేను ఓడితే ఏం తీయించుకోవాలో మీరే చెప్పండి" అన్నది. ఆలోచించి చెప్తానన్నాను. నేటికీ ఆలోచిస్తూనే ఉన్నాను.

తీర్మానం ఇది: యంత్రం మనిషి చేతిని మించిపోయింది. చీటీలో మాకు అనుకూల పక్షం వచ్చింది. హోసూరువాడికి ఇంతకన్న సులువైన పక్షం ఏముంటుంది? ఏ దిక్కుకు తిరిగినా ఫ్యాక్టరీ గోడే. మిగిలింది నా ఆకారం ఒక్కటే. ప్లాస్టిక్ రేజరుతో నాకు నేనే గీసుకోవడం వల్ల గడ్డమంతా ఎర్రటి పొక్కులు. మీసం కొనలు రెండూ దిగాలుగా కిందికి చూస్తున్నవి. కాబట్టి పోటీకి ముందురోజు సాయంత్రం, పాత ఊరి వీధిలో కత్తితో గీసే పెద్దాయన షాపుకు పోయినాను.

ఆయన ఇంట్లో మాట్లాడేది తెలుగు. పని నేర్చింది సేలంలో. అద్దం పక్కన తగిలించిన క్యాలెండరు కన్నడం. ఒకే వాక్యాన్ని మూడు భాషల్లోనూ నడిపించి క్షేమంగా దించగలడు. నా గడ్డాన్ని వేళ్లతో తడిమి, "దీన్ని ఎవరప్పా ఇట్ల దున్నింది?" అన్నాడు. నేరం ఒప్పుకున్నాను.

ఆయన కత్తిని తోలు పట్టీ మీద అటూ ఇటూ రుద్దుతుండగా నేను నా ధర్మం నెరవేర్చినాను. ఈ కత్తి ఇంతకుముందు ఎవరి ముఖం మీద నడిచింది, మనిషికొక కొత్త బ్లేడు వాడాలని ఆసుపత్రి గోడ మీద రాసి ఉన్నదే, అది చదివినావా అని వరసగా అడిగినాను. ఆయనకు కోపం రాలేదు. పక్క టీ అంగడి నుంచి మరుగుతున్న నీళ్లు తెచ్చి, నా కళ్ల ముందే కత్తిని చాలాసేపు ముంచి పెట్టి, ఉతికిన గుడ్డతో తుడిచినాడు. ఆ తర్వాత ఒక నియమం చెప్పినాడు.

"అడిగేదంతా ఇప్పుడే అడిగెయ్యప్పా. కత్తి ఎత్తినంక నాకు చెవులుండవు, నీకు నోరుండదు."

నియమం ఉభయ పక్షాలకూ సమానంగా ఉన్నది గనుక ఒప్పుకున్నాను. ఇంక అడగవలసినది లేదనీ, కావలసినది మాత్రం ఒకటున్నదనీ చెప్పినాను.

"మీసం ఎత్తు తాతా."

"పూరా ఎత్తేదా?"

"పూరా ఎత్తు."

వేడినీళ్లలో పిండిన తువ్వాలును ముఖం మీద కప్పినాడు. లోకం ఒక్కసారిగా వెచ్చబడి, దూరమైపోయింది. తువ్వాలు తీసినంక సబ్బు నురగను బ్రష్షుతో గుండ్రంగా, ఏ తొందరా లేకుండా, ఒక్కొక్క వెంట్రుకను విడివిడిగా పలకరిస్తున్నట్టు రాసినాడు. బొటనవేలితో చర్మాన్ని చెవివైపు లాగి పట్టి, చెంప మీద నుంచి దవడ దాకా వెంట్రుక వాటానికే కత్తిని దించినాడు. చాటలో బియ్యం జారుతున్నంత సన్నని చప్పుడు. నొప్పి లేదు. నా ప్లాస్టిక్ రేజరు నెలల తరబడి చేసిన అన్యాయమంతా ఒక్కొక్క గీతకూ రద్దవుతున్నట్టు తోచింది. మళ్లీ నురగ రాసి, ఈసారి ఎదురు వాటంగా, ఊపిరి కన్న తేలికగా గీసినాడు. కుత్తిక ఎముక దగ్గరికి వచ్చినప్పుడు మింగవద్దన్నట్టు వేలితో తట్టినాడు. నేను మింగలేదు. అంత విధేయతతో ఏ అధ్యాపకుడి ముందరా కూర్చున్నవాడిని కాను.

అప్పుడు పై పెదవి మీద చల్లగా తగిలింది.

నాకు సందేహం కలిగింది. అది అభ్యంతరం తెలుపవలసిన ఘట్టమే. అయితే నా ముక్కు కొన ఆయన రెండు వేళ్ల మధ్య ఉన్నది, కత్తి నా పెదవి మీద ఉన్నది, నియమానికి నేను సమ్మతించి ఉన్నాను. నాలుగు గీతల్లో పని ముగిసింది. పటిక రాసి, తుడిచి, కుర్చీని నిటారుగా లేపినాడు. అద్దంలో మా మేనత్త కూర్చుని ఉన్నది.

"తాతా, మీసం యాడ?"

"నువ్వే గదప్పా పూరా ఎత్తమంటివి."

ఆ పదానికి అర్థం అప్పుడు నిర్ణయించుకున్నాము. మా ఇంట్లో మీసం ఎత్తడమంటే కొనలను పైకి దిద్దడం. ఆయన షాపుకు వచ్చేవారిలో సగం మంది షిఫ్టు దిగిన తమిళులు. వారు 'మీసై ఎడు' అంటే తీసెయ్యమని. ఆ 'ఎడు'ను ఆయన ఎన్నో ఏండ్లుగా తెలుగులో 'ఎత్తు' చేసుకుని వాడుతున్నాడు. పోనీ అది తెలుగు కాదందామా అంటే అదీ కుదరదు. బిందె ఎత్తినారంటే బిందె ఉన్నట్టు, అంగడి ఎత్తేసినారంటే అంగడి లేనట్టు. రెండూ మన మాటలే. నేను మాత్రం వదలలేదు. ఇందాక కత్తి ఎత్తినంక అంటివే, కత్తిని పైకే గదా ఎత్తినావు, పారెయ్యలేదు గదా అని నిలదీసినాను.

ఆయన కత్తిని గుడ్డతో తుడిచినాడు. "కత్తి వేరు, మీసం వేరప్పా" అన్నాడు. తర్కం ప్రకారం అది సమాధానమే కాదు. కానీ కత్తి ఇంకా ఆయన చేతిలోనే ఉన్నది.

బయటికి వస్తూ వెనక్కి చూసినాను. ఆయన ముఖం నా ముఖం కన్న చిన్నబోయి ఉన్నది.

మా వైపు కొడుకు మీసం తీసేది తండ్రి పోయినప్పుడు. ఇంట్లో అడుగు పెట్టగానే మా నాన్న పేపరు దించి, నన్ను పైనుంచి కిందికి చూసి, "నేనింకా ఉన్నాను గదప్పా" అని మెల్లగా అన్నాడు. మరునాడు గురుబరపల్లిలో బస్సెక్కిన తెలిసిన రైతు ఒకాయన నా పక్కన కూర్చుని, నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని, ఎప్పుడు జరిగిందని అడిగినాడు. నేను 'ఎత్తు' అనే పదానికి గల రెండు అర్థాలనూ వివరించడం మొదలుపెట్టినాను. దుఃఖంలో మనిషి ఇట్లనే ఏదేదో మాట్లాడతాడని ఆయన నా భుజం తట్టి, కృష్ణగిరి దాకా నన్ను ఓదార్చినాడు.

పోటీ జరిగిన బర్గూరు సభలో నేను బాగానే మాట్లాడినాను. యంత్రానికి అలసట లేదు, పొరబాటు లేదు, యంత్రం ఒక మాటను ఇంకొక మాటగా వినదు. ఈ చివరి అంశాన్ని స్వానుభవంతో నొక్కి చెప్పినాను. ప్రశ్న వేసే వంతు వచ్చినప్పుడు ఆ ముఖ్యవక్త అమ్మాయి లేచి నా ముఖాన్ని తీరికగా పరీక్షించింది.

"ఎదుటి పక్షం వారి ముఖం ఈ రోజు అద్దంలా ఉన్నది. ఒక గాటు లేదు, ఒక పొక్కు తెగలేదు. ఇంత నున్నగా గీసిన యంత్రం ఏదో సభకు తెలియజేయవలసిందిగా కోరుతున్నాను."

అబద్ధం చెప్పి ఉండవచ్చు. ఏదో ఒక యంత్రం పేరు నోటిదాకా వచ్చింది కూడా. కానీ సత్యం మీద మూడేండ్లుగా ఉపన్యాసాలిచ్చినవాడు సొంత గడ్డం విషయంలో బొంకడం నాకే సహించలేదు. "యంత్రం కాదు. హోసూరులో ఒక పెద్దాయన చెయ్యి" అన్నాను. సభ ఎంతసేపు నవ్విందో చెప్పను. ఓడిపోయినాము.

తర్వాత ఆమె నేరుగా నా దగ్గరికి వచ్చింది. "పందెం ముందే చెల్లించినారా, లేక చెల్లించే పని లేకుండా చేసుకున్నారా?"

ప్రశ్న ఎంత పదునుగా ఉన్నదో చూడండి. మొదటిదానికి అవునంటే ఓటమిని ముందే ఒప్పుకుని వచ్చిన పిరికివాడిని, రెండోదానికి అవునంటే మాట తప్పినవాడిని. జరిగింది జరిగినట్టు చెప్పినాను. ఆమె నమ్మింది. ఇంత తెలివితక్కువ అబద్ధం మీరు కల్పించలేరని కారణం కూడా చెప్పింది. పొరబాటున పోయిన మీసం పందెం కింద చెల్లదనీ, మళ్లీ పెంచి న్యాయంగా తీయించుకుని, వచ్చే నెల కృష్ణగిరిలో జరిగే బహుమతుల సభకు వస్తాననీ నేనే తీర్పు చెప్పుకున్నాను. చూస్తానన్నది.

నెల రోజులు పెంచినాను. మాట నిలబెట్టుకోవడం కోసం ఒక వస్తువును నీళ్లు పోసి పెంచినట్టు పెంచి బలి ఇవ్వడం ఎంత కష్టమో ఆ రోజుల్లోనే తెలిసింది. సభకు ముందురోజు మళ్లీ ఆ కుర్చీలో కూర్చున్నాను. ఈసారి గొడవే ఉండకూడదని, నా అర్థాన్ని వదులుకుని పెద్దాయన అర్థానికే తల వంచినాను.

"మీసం ఎత్తు తాతా."

"పూరానా?"

"పూరా."

తువ్వాలు, నురగ, బియ్యం జారే చప్పుడు, అన్నీ యథాప్రకారం. కళ్లు మూసుకుని పెదవి మీది చల్లదనం కోసం ఎదురు చూసినాను. అది రాలేదు. కత్తెర చప్పుడు, దువ్వెన, ఒక నూనె చుక్క. కళ్లు తెరిస్తే మీసం కొనలు రెండూ పొట్టిగానైనా పైకి తిరిగి, ఏదో సంస్థానాన్ని ఏలుతున్నట్టు నిలబడి ఉన్నవి.

"నెల దినాలుగా నువ్వు చెప్పిందే తలుచుకుంటా ఉన్నానప్పా. ఎత్తేదంటే పైకి. ఈ తూరి తప్పు చేయలేదు" అన్నాడు. ఆయన ముఖంలో వెలుగు చూసినంక తీసెయ్యమనడానికి మనసొప్పలేదు. అయినా మాట మాటే గనుక పందెం సంగతంతా చెప్పి, దీన్ని తీసెయ్యమని బతిమాలినాను. ఆయన శ్రద్ధగా విని, కత్తిని మడిచినాడు.

"పందెం మీసం ఆ పొద్దే నా కత్తి కింద పోయింది గదా. అది ఆడికే తీరింది. ఇది వేరే మీసం. దీన్ని నేను ముట్టను. ఆయమ్మకి నేను చెప్పినానని చెప్పు."

చెప్పినాను. కృష్ణగిరి సభ బయట, మీసం పైకెత్తుకుని నిలబడి, పెద్దాయన తీర్పును ఒక్క అక్షరం మార్చకుండా వినిపించినాను. ఆమె నా మీసాన్ని ఆ కొన నుంచి ఈ కొన దాకా పరీక్షించింది. దీని మీద అప్పీలు లేదా అని అడిగింది. కత్తి ఆయన చేతిలో ఉన్నదన్నాను.

"అయితే చెల్లింది" అన్నది. "కానీ ఎడమ కొన కొంచెం వాలింది. ఎత్తించుకోండి."

నేను వెంటనే రెండు చేతులతో మీసాన్ని కప్పుకుని, ఎత్తించుకోవడం అనగా ఏమిటని అడిగినాను.

చదివినవారిని ఒకటే కోరుతున్నాను. మీ వీధిలో కత్తితో గీసే పెద్దాయన ఇంకా ఉంటే ఈ ఆదివారమే పోయి ఆయన కుర్చీలో కూర్చోండి. అడిగేదంతా ముందే అడగండి, మీకేం కావాలో వేలితో చూపించండి. కత్తి లేచినంక మాత్రం దయచేసి మాట్లాడకండి.