కుడివైపు దీపం

మా ఆయన కారుకు కుడి దీపం నేనే బిగించాను. మనిషిని మింగిన బండిని ముట్టనని మెకానిక్ చేతులు ఎత్తేశాడు మరి.

ఆ కారు కిరాయికి తిప్పేవాడు మా ఆయన. ఆర్మూర్‌కు పసుపు కొనడానికి వచ్చే షావుకార్లు ఎక్కేవాళ్లు. ఒకరోజు కుడి దీపం పగిలింది. రేపు మారుస్తానని, ఒక్క దీపంతోనే పొద్దుగూకే వేళ కమ్మర్‌పల్లి బయల్దేరాడు. ఎదురొచ్చిన లారీ అతను ఆ ఒక్క వెలుగును చూసి మోటార్ సైకిల్ అనుకున్నాడు, పక్కకు జరగలేదు. మా ఆయన తప్పించబోయి రోడ్డు కింది మోరీ గోడకు గుద్దాడు. బండిని ఎడ్లతో లాక్కొచ్చి వాకిట్లో నిలిపారు. దానికి రేకు సొట్టపోయింది, అంతే. మనిషే మిగల్లేదు.

నేనూ అత్తా బతకాలంటే ఆ బండి తిరగాలి. మా తమ్ముడికి బండి నేర్పింది మా ఆయనే. వాడు కొత్త దీపం తెచ్చాడు, బ్యాటరీ చార్జి చేయించి లోపల పెట్టాడు. తీగ మాత్రం కలపలేదు.

"బావ ఇడిసిన పనిల నేను చెయ్యి పెట్టనక్కా. పొద్దుగూకంగ వస్త. రెండు దీపాలు ఎలిగితె బండి తీస్త. లేకుంటె పాత ఇనుమోనికి ఇచ్చెయ్యి."

ఆ పొద్దున్నే అత్త ఎదుటి గోడకు సున్నం వేసింది. దీపాల వెలుగు సరిగ్గా పడుతోందో లేదో చూసుకోవడానికి మా ఆయన ఎప్పుడో ఆ గోడ మీద పసుపు నీళ్లతో రెండు చుట్లు గీసుకున్నాడు. మధ్యాహ్నానికి అవి సున్నంలోంచి ఎర్రగా పైకి తేలాయి.

"నా కొడుకు బొట్లు పెట్టిండే," అంది అత్త.

"గవి పసుపువి, అత్తా. సున్నం తాకింది."

"నాకు తెల్వదా? పుట్టినకాంచి పసుపు ఉడకపెడుతున్న."

నాకూ తెలుసు. తెలిసీ ఆ గోడకు వీపు తిప్పలేకపోయాను.

మా ఆయన పని చేస్తుంటే మరలు నా కొంగులోనే వేసేవాడు, అందుకని వరస గుర్తుంది. చుట్టురేకు ఊడదీశాను. మూడు మరలు తిప్పితే పగిలిన దీపం గిన్నె చేతికొచ్చింది. లోపల పసుపు దుమ్ము, ఇంకా వాసన పోలేదు. కొత్త గిన్నె పెట్టి వెనక తీగలు నొక్కి బిగించాను. అత్తను ముందు సీట్లో కూర్చోబెట్టి, నేను చెప్పినప్పుడు దీపాల స్విచ్ గుండీ గుంజమన్నాను. చివరికి బ్యాటరీ తీగ కలిపాను.

రెండు దీపాలూ భగ్గుమన్నాయి.

"అప్పుడే ఎందుకు గుంజినవ్ అత్తా?"

"నేనా? నా చేతులు ఒళ్లెనే ఉన్నయ్, సూడు."

వెళ్లి చూశాను. గుండీ బయటికే ఉంది. ఆ సాయంత్రం మా ఆయన గుంజిందే. తర్వాత ఎవరూ లోపలికి నెట్టలేదు.

ఎడమ వెలుగు దాని చుట్టులోనే పడింది. కుడిది పక్కకు పోయింది. కాస్త మర తిప్పడం, గోడ దగ్గరికి పోయి వేలితో కొలవడం, చెమట తుడుచుకోవడం, మళ్లీ తిప్పడం. వెలుగు చుట్టులో కుదిరాక గోడ ముందు కూర్చుని అత్తను అడిగాను, "సక్కగున్నదా?"

అత్త బండి దిగి వచ్చి నా ముఖంలోకే చూస్తూ నిలబడింది. నుదురు తడుముకుంటే వేలికి ఎరుపు అంటింది. గోడ తడి ఇంకా ఆరలేదు.

"తుడుస్తనత్తా."

"ఉండనియ్యి జరసేపు," అంది అత్త. ఆమె నుదురు కూడా ఎన్నో ఏళ్లుగా బోడిదే.

వీధిలో తమ్ముడి సైకిల్ గంట వినబడగానే అత్తే తన కొంగుతో తుడిచేసింది.

వాడు దీపాలు చూశాడు, గోడ చూశాడు. "గుండీ ఎవలు గుంజిండ్రక్కా?"

నేనే అని అబద్ధం చెబితే బండి ఎక్కుతాడు. చెప్పబుద్ధి కాలేదు.

"మీ బావ," అన్నాను.

వాడు బండి తలుపు తీశాడు. "అయితె నేను బంద్ చెయ్య," అని ఎక్కి, ఆ గుండీ ముట్టకుండానే బండి తీశాడు.

గేటు దగ్గర నిలబడి చూశాను. రోడ్డు మీద ఎదురుగా లారీ వస్తోంది. కళ్లు మూసుకుందామనుకున్నాను, మూసుకోలేదు. రెండు దీపాలు చూసి లారీ పక్కకు జరిగింది.